డ్రాగన్ రాజ్యానికి కంప్లి కాలువ

మా ఆదివారం ఆట ఆగిపోయేలా ఉండటంతో ఈ ప్రయాణం మొదలైంది. బళ్లారిలో మేం నలుగురు స్నేహితులం పాచికలు వేస్తూ, మాటలతోనే ఓ ఊహా రాజ్యంలో సాహసాలు చేస్తుంటాం. రాజ్యాన్ని కట్టేది నేను, అందులో వీరులు వాళ్లు. చదివిన ఇంగ్లీషు నవలల్లోంచి మంచుకొండలు, బురుజులు, ఓ డ్రాగన్ ఎత్తుకొచ్చి పెట్టాను. ఏడాది తిరిగేసరికి వాళ్లలో మహబూబ్‌కు విసుగొచ్చింది. "ఆ మంచు మనం యాడన్నా చూసినామా? ఈ వారం కూడా ఇదే అయితే నేను రాను పో" అన్నాడు. వాడు లేకపోతే ఆట లేనట్టే.

అందుకే, మన దగ్గర్లోనే ఉన్న నిజమైన కోట ఒకటి చూద్దామని శనివారం ఉదయం ఏడింటికి కంప్లి బస్సెక్కాను. గంటన్నర దారి. కర్ణాటక ఆధార్ ఉన్న ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నాకు టికెట్టు డబ్బుల్లేవు. మగవాళ్లకు వంద ఉంటే చాలు. పాత కోటకు ఆటో యాభై. "ఆ రాళ్లల్లో ఏముండాది మేడం?" అన్నాడు డ్రైవరు. ఏముందా! నిజం గోడ, పక్కనే తుంగభద్ర, చేత్తో తాకితే వెచ్చగా తగిలే బురుజు! నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

రాజుల కాలం నుంచీ పారుతున్న కాలువ గట్టు మీద కూర్చుని పటం గీస్తుంటే, భుజాన పారతో వెంకోబప్ప వచ్చాడు. ఆయన నీరుగంటి, అంటే పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే మనిషి.

"ఏందమ్మా గీస్తాండావు?"

"ఆటకు రాజ్యం, తాతా. ఈ కోట పట్టినవాళ్లే గెలిచినట్టు."

"కోట పట్టి ఏం జేస్తారు, రాళ్లు తింటారా? నోడమ్మా, ఇట్ల చూడు, తూము పట్టుకోమను. ఊరంతా వచ్చి ముందర నిలబడతాది."

"నీళ్లు తక్కువైతే?"

"చివర మడికే ముందు. మొదటి మడోనికి ఊటన్నా దొరుకుతాది. చివరోనికి యాడిది?"

నాకు సిగ్గేసింది. మా తాత కృష్ణా జిల్లా వదిలి సిరుగుప్ప దగ్గర వలస రైతుల క్యాంపులో స్థిరపడింది ఈ నీళ్ల కోసమే. ఆయన మనవరాలి రాజ్యంలో ఒక్క పిల్లకాలువ లేదు! అక్కడికక్కడే మంచుకొండలు కొట్టేసి, డ్రాగన్‌ను తెచ్చి తూము మీద పడుకోబెట్టాను.

తిరుగు బస్సులో ఒకటి అర్థమైంది. ఆ నవలలు రాసినవాళ్లు తమ ఊళ్ల చలినీ, తమ ఊళ్ల గొడవల్నీ రాసుకున్నారు. నేను వాళ్ల చలిని తెచ్చుకుని, మన గొడవల్ని వదిలేశాను. మీరూ వెళ్తే కోట దగ్గరే ఆగిపోకండి. పదిలోపు కాలువ గట్టు ఎక్కండి; ఆ తర్వాత నీరుగంటి పొలాల్లోకి దిగిపోతాడు.

ఆట సంగతా? ఆదివారం మహబూబ్ పావుగంటలో కోట గెలిచి, ఇక అయిపోయిందని ఫోన్ తీశాడు. "చివరి మడి రైతులు నీ వాకిట్లో నిలబడ్డారు. తూము మీద డ్రాగన్ పడుకుంది" అన్నాను. ఫోన్ పక్కన పెట్టాడు. మూడు గంటలు వంతుల కోసం నలుగురం కొట్టుకున్నాం. ఆఖరికి వాడు కత్తి కింద పెట్టి డ్రాగన్‌తో బేరానికి దిగాడు.

"అరే, నీకూ ఒక వంతు రాస్తామప్పా. ముందు చివర మడి తడవనీ."