ఉత్తరపు కంచె తెరవని మామ

మామ పోయాడని కఫీల్ ఇంటి డ్రైవరు ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. కఫీల్ అంటే మమ్మల్ని కువైట్‌కు పనికి తెచ్చుకున్న యజమాని. ఆయన ఇల్లు సల్వాలో, డ్రైవరుది కోనసీమ. "మావయ్యగారు పొద్దున్నే ఆస్పత్రిలో పోయారండీ" అన్నాడు. "ఇట్లాంటి ఆటలు కనిపెట్టిందే నేను, నాకే నేర్పుతావా?" అని పెట్టేశాను. అతను మళ్ళీ చేసి, మాటా పలుకూ లేకుండా ఏడ్చాడు. అప్పుడు నమ్మాను. అందరినీ ఏడిపించిన నోటికి ఆ శిక్ష సరిపోయింది.

మామ నాకు చుట్టం కాదు. రాయచోటి దిక్కు మనిషి. ఎడారిలో కఫీల్ గొర్రెల్ని మేమిద్దరమే కాచేవాళ్ళం. ఒక రేకుల గది, ఒక నీళ్ళ ట్యాంకు, మిగతాదంతా ఇసుక. చుట్టుపక్కల కాపర్లు తమ గొర్రెలకు బస్తాల్లో బార్లీ తెచ్చి పోస్తారు. మామ మాత్రం కంచె లోపలి నేలను నాలుగు ముక్కలు చేశాడు. ఒకదాన్ని మేపితే మూడింటిని పండబెట్టాలి.

"నేలకూ నిద్రుండాల గదరా అల్లుడా. నువ్వొక్కడివే పండుకుంటే యెట్ట?" అనేవాడు.

మా సీమలో ఎరువు కోసం రైతులు పొలంలో గొర్రెల మంద ఆపించుకుంటారు. మామ ఆ పని ఇసుకలో చేశాడు. కొన్నాళ్ళకొకసారి సాయంత్రంపూట దొడ్డి వలలు పీకి, బోడినేల మీదికి జరిపేవాడు. గుంజలు మోసేది నేను, తిట్టేదీ నేనే.

"ఇసకకు ఎరువేస్తాండావు మామా. రేపు సముద్రానికి నీళ్ళు పోస్తావా?"

"పోస్తా. బిందె నువ్వు పట్టుకో."

ఉత్తరపు ముక్కలో అర్ఫజ్ ఉంది. పసుపు పూల ఎడారి పొద. దాన్ని విత్తనం రాలకముందే మేపితే మరుసటి ఏడు దుమ్మే. ఒకరోజు నేను పట్నం పోయి, సాల్మియాలో స్నేహితుడి ఫోన్ తీసుకుని, కఫీల్ గొంతుతో అరబీలో "యల్లా, ఉత్తరపు కంచె తెరువు" అన్నాను. మామ తడుముకోలేదు. "కుదరదు బాబా, ఇంకా విత్తనం రాలలేదు" అన్నాడు. ఉద్యోగం ఊడుతుందని తెలిసే అన్నాడు. నేను నవ్వేసరికి దొరికిపోయాను.

నెల తిరక్కముందే నిజం కఫీల్ ఇంకెవరి ఫోన్ నుంచో అదే మాట చెప్పాడు. పెళ్ళి విందుకు గొర్రెలు బలవాలట. మామ నేననుకుని తెలుగులో కడిగేశాడు. భాష రాకపోయినా తిట్టు ఎవరికైనా తెలుస్తుంది. మధ్యాహ్నానికి కారు వచ్చి ఆగింది. నేను ట్యాంకు వెనక దాక్కున్నాను. మామ నా పేరు ఎత్తలేదు. "తప్పు నాదే బాబా" అని కఫీల్‌ను ఉత్తరానికి తీసుకెళ్ళి, పొదలు పక్కకు తీసి, నిరుడు రాలిన విత్తనాల వేలెడెత్తు మొలకలు చూపించాడు. కఫీల్ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తాత కాలంలో నేలంతా ఇట్లాగే ఉండేదని చెప్పి, కంచె తెరవకుండానే వెళ్ళిపోయాడు. ఆ తిట్లకు మూలం నేనని నేటికీ కఫీల్‌కు చెప్పలేదు.

చలికాలం మొదట్లో దొడ్డి జరిపిన వారానికే మామ ఆస్పత్రికి వెళ్ళాడు. "ఉత్తరం జాగ్రత్త రా అల్లుడా" అన్నాడు, నన్ను కాదు, ఉత్తరాన్నే చూస్తూ. పెట్టెలో ఊరికి పోయాడు. మంద వదిలి నేను విమానాశ్రయం దాకా కూడా పోలేకపోయాను. ఇప్పుడు తిట్టించుకునేవాడు లేడు. ఒక రోజంతా గొర్రెలతో తప్ప మాట్లాడలేదని చీకటి పడ్డాక గాని తెలియదు.

మొన్న కఫీల్ ఫోన్ చేశాడు. మళ్ళీ విందు, మళ్ళీ ఉత్తరం.

"కుదరదు బాబా, ఇంకా విత్తనం రాలలేదు" అన్నాను.

"ఎప్పుడు రాలుతుంది?"

నాకేం తెలుసు. "మామనడిగి చెప్తా" అనేశాను, అలవాటుగా.

కఫీల్ ఫోన్ పెట్టేశాడు. కారైతే ఇంతవరకు రాలేదు.

మామ చివరిసారి మంద ఆపిన చోట, వానల తర్వాత, సరిగ్గా దొడ్డి కొలతకు పచ్చగా మొలిచింది. చుట్టూ ఇసుక. ఆ పచ్చిక చుట్టూ తాడు కట్టాను. సాయంత్రం గొర్రెలన్నీ కొత్త దొడ్డిలోకి పోయినా, మామ వెనకాలే తిరిగే ముసలి పొట్టేలు ఒక్కటి ఆ తాడు దగ్గర ఆగుతుంది. మెడ చాపితే గడ్డి అందుతుంది. మేయదు, నిలబడుతుంది.