తాళం మేడం ఇవ్వని అక్షరం

ఆమెకు అసలు పేరు ఒకటి ఉందని ఆ ఆఫీసులో హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. వెనకాల అందరూ తాళం మేడం అంటారు. ఎదురుగా మేడం అని ఊరుకుంటారు గానీ, అనే తీరులోనే మింగేసిన తాళం కూడా వినిపిస్తుంది.

ఆ ఆఫీసు పని నీటి పైపుల డ్రాయింగులు గీయడం. ఏ వీధి కింద ఎంత లావు పైపు పోవాలి, ఎక్కడ వంపు తిరగాలి, ఎక్కడ వాల్వు పెట్టాలి, అన్నీ కంప్యూటర్ మీదే గీస్తారు. మొత్తం పదకొండు మెషిన్లు. వాటి మంచిచెడ్డలన్నీ ఆమెవే. ప్రతి మెషిన్ లోపలా డివైస్ మేనేజర్ అని ఒక జాబితా ఉంటుంది. కీబోర్డు, మౌసు, డిస్కు, ప్రింటరు, తగిలించిన ప్రతి వస్తువూ అందులో పేరుపేరునా కనబడుతుంది. అక్కడ దేన్నయినా ఆపేస్తే వస్తువు ఉన్నచోటే ఉంటుంది, ప్రాణం మాత్రం ఉండదు. ఆమె అలా పెన్‌డ్రైవులు గుచ్చే చోట్లన్నీ ఆపేసి, మెషిన్‌కు మూడే మిగిల్చింది. కీబోర్డుకొకటి, మౌసుకొకటి, ఆఫీసు డిస్కుకొకటి. పాటలు ఎక్కించుకుందామని పెన్‌డ్రైవ్ తెచ్చిన టైపిస్టుతో, "పాటలు నీ చెవిలో పెట్టుకో తల్లీ, నా మెషిన్‌లో పెట్టకు" అంది. ఆ పిల్ల మూడు రోజులు ఆమె వంక చూడలేదు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

పొద్దున తొమ్మిదింటికి ఇనప బీరువా తెరిచి ఎవరి డిస్కు వాళ్లకు ఇస్తుంది. డ్రాయింగులన్నీ ఆ డిస్కులోనే దాచాలి. సాయంత్రం ఆరింటికి పదకొండూ తిరిగి బీరువాలోకి రావాలి. నెలాఖరున అన్నిటికీ నకలు తీస్తుంది. బయటి డిస్కు లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోకూడదు. ఈ షరతు యజమానిదే. తిట్లు మాత్రం ఆమెకు.

పదిమంది తమ డిస్కు ఆమె చేతిలోంచే తీసుకుంటారు. హెడ్ డ్రాఫ్ట్‌మన్ మాత్రం తీసుకోడు. ఆయన డిస్కు లెక్కల మాస్టారి చేతికి ఇస్తుంది, ఆయన తీసుకెళ్లి ఇస్తాడు. లెక్కల మాస్టారంటే పైపుల్లో నీటి ఒత్తిడి లెక్కగట్టే పెద్దాయన. హెడ్ డ్రాఫ్ట్‌మన్ ఆమెకు సొంత బావగారు, భర్తకు అన్న. ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్లు.

ఆరేళ్ల కిందట బావగారు ఒక ప్లాను గీసుకోవాలని ఆమె ఇంట్లోని కంప్యూటర్ రెండు రోజులకు అడిగి తీసుకెళ్లాడు. అది మొరాయించి, ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే అవునని నొక్కేశాడు. కూతురు పుట్టినప్పటి నుంచి నాలుగో ఏడు వరకు తీసిన ఫొటోలన్నీ ఒక్క నొక్కుతో పోయాయి. "అదే అడిగింది, నేను సరేనన్నాను. ఇందులో నా తప్పేముంది?" అన్నాడు. పొరపాటైంది అనే ఒక్క ముక్క ఆయన నోట రాలేదు.

భర్త బస్సు సీట్లు కుట్టే మనిషి. "పోనీలే, పిల్ల ఎదురుగానే ఉందిగా" అన్నాడు. ఆమె పోనివ్వలేదు. అప్పటిదాకా కంప్యూటర్‌లో వంటల వీడియోలు తప్ప ఏమీ ఎరగదు. కనపడిన ప్రతివాణ్నీ విసిగించి, పాత పుస్తకాలు తెచ్చి, డిస్కంటే ఏమిటో, అందులో రాసింది ఎక్కడ ఉంటుందో, చెరిపినా ఎంతకాలం మిగిలి ఉంటుందో ఎనిమిది నెలలు నేర్చుకుంది. దొరికినవి మూడు ఫొటోలు, అవీ సగం సగం. నేర్చుకున్న విద్య మాత్రం నిలిచింది. నాలుగేళ్ల కిందట యజమాని ఆమెను పనిలోకి తీసుకుంటుంటే బావగారు, "చుట్టాలు ఒకేచోట పనిచేస్తే గొడవలొస్తాయి సార్" అని అడ్డం పడ్డాడు. గొడవలు అప్పటికే వచ్చేశాయన్న సంగతి మాత్రం చెప్పలేదు.

గొడవ ముదిరింది ఒక బుధవారం పొద్దున.

బావగారు ఆఫీసు డిస్కు తగిలించి చూస్తే, పాత పేట పైపుల డ్రాయింగులు పంతొమ్మిది రోజుల కిందటితో ఆగిపోయి ఉన్నాయి. ఆ తర్వాత గీసింది ఒక్కటీ లేదు. ఆ డ్రాయింగులు ఆ సాయంత్రం అయిదింటికి పంపాలి. ఆయన కుర్చీలోంచి లేచి, హాలంతా వినేట్టు, "మాస్టారూ, ఆవిడని అడగండి, నా డిస్కు మీద పాత నకలు ఎందుకు ఎక్కించిందో!" అన్నాడు.

"మాస్టారూ, నకలు తీసేది నెలాఖరునని ఆయనకి చెప్పండి. ఆయన డిస్కు ముట్టుకోవాలన్న సరదా నాకు లేదని కూడా చెప్పండి."

"ఆరేళ్ల కక్ష ఇలా తీర్చుకుంటోందని సారుకి చెప్పండి!"

సారుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. యజమాని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "నాకు మీ చుట్టరికాలు అనవసరం" అన్నాడు ఆమెతో. "డిస్కులు నీ చేతిలో ఉన్నాయి. నాలుగింటికల్లా డ్రాయింగులు నా బల్ల మీదుండాలి. లేకపోతే బీరువా తాళంచెవులు ఉండాలి. రెంట్లో ఏదో ఒకటి."

 టైపిస్టు పిల్ల పెదవి బిగబట్టి కీబోర్డు వైపు చూసింది. ఆ పిల్ల ఆపుకుంటున్నది నవ్వేనని ఆమెకు తెలుసు.

ముందు డిస్కు చూసింది. చెరిపిన ఆనవాలు లేదు. అసలు పంతొమ్మిది రోజులుగా దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత బావగారి మెషిన్‌లో జాబితా తెరిచి, దాగి ఉన్నవి కూడా చూపించమంది. ఒకప్పుడు తగిలించి ఊడదీసిన వస్తువుల పేర్లు అందులో బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉంటాయి. వస్తువు పోయినా పేరు పోదు. అక్కడ ఆమె బీరువాలో లేని డిస్కు ఒకటి కనిపించింది. చివరిసారి ఊడదీసింది నిన్న సాయంత్రం అయిదూ యాభైకి.

దొరికాడు అనుకుంది. "ఆ క్షణంలో నాకెంత ఆనందమైందో చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు" అంది తర్వాత ఇదంతా నాకు చెబుతూ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

బావగారికి బయట సొంత ప్లాన్ల పని ఉందని అందరికీ తెలుసు. ఇంటి డిస్కు జేబులో వేసుకొచ్చి, ఉన్న ఒక్క చోటులోంచి ఆఫీసు డిస్కు ఊడదీసి, తనది గుచ్చి రోజంతా అలాగే పనిచేస్తున్నాడన్నమాట. అంతవరకు తేలింది. కానీ ఆఫీసు డ్రాయింగులు ఆ డిస్కులోకి ఎందుకు పోయాయి?

దానికి జవాబు వెతుకుతూ డిస్కుల అక్షరాలు చూసింది. అంతే, ఆనందం ఆవిరైపోయింది.

మెషిన్ ప్రతి డిస్కుకూ ఒక అక్షరం ఇస్తుంది, ఇంటికి నంబరు వేసినట్టు. మనం ఏదీ చెప్పకపోతే ఖాళీగా ఉన్న మొదటి అక్షరం తగిలిస్తుంది. ఆ డిస్కు తీసి ఇంకోటి పెడితే, ఖాళీ అయిన ఆ అక్షరమే కొత్తదానికి పోతుంది. ఈ బెడద ఉండకూడదనే ఆమె పది మెషిన్లలో ఆఫీసు డిస్కుకు ఎక్కడో దూరంగా ఉన్న ఎమ్ అక్షరాన్ని శాశ్వతంగా ఇచ్చింది. పదకొండోది బావగారిది. ఆయన మెషిన్ దగ్గర నాలుగు నిమిషాలు కూర్చోవడం ఇష్టంలేక వదిలేసింది. అక్కడ ఆఫీసు డిస్కు ఎఫ్‌గానే ఉండిపోయింది. ఇంటి డిస్కు గుచ్చగానే అదీ ఎఫ్ అయింది. పైగా ఆయన ఒకప్పుడు ఆఫీసు ఫోల్డర్ మొత్తం ఇంటికి నకలు చేసుకున్నాడు. అక్షరం అదే, ఫోల్డర్ పేరు అదే. మెషిన్ ఏ అనుమానమూ లేకుండా రోజూ అక్కడే దాచింది. ఇవాళ ఇంటి డిస్కు మర్చిపోయి వచ్చాడు కాబట్టి బయటపడింది.

ఇది ఆమెకు తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ అర్థమయ్యే సంగతి కాదు.

భోజనాల వేళకు బావగారింటికి వెళ్లింది. రెండు వీధుల అవతలే. తోడికోడలు తలుపు తీసి, "ఏంటే, దారి తప్పావా?" అంది.

"అక్కా, బావగారి డిస్కు ఒకటి ఉంటుంది. నల్లది. ఇలా ఇవ్వు."

లోపల కంచం ముందున్న బావగారు తల తిప్పకుండా, "ఆఫీసు సామానేదీ నా ఇంట్లో లేదని చెప్పు ఆవిడకి" అన్నాడు.

"నిన్న అయిదూ యాభైకి ఊడదీసింది ఏదో, దాని పేరు నా దగ్గరుందని చెప్పు అక్కా."

కంచంలో చెయ్యి ఆగింది.

"మీ ఇద్దరి మధ్యా నేనేమైనా టెలిఫోన్ తీగనా?" అంది తోడికోడలు. "రెండడుగుల దూరం లేదు. ఏ చావో మీరే చావండి." విసురుగా అలమార తెరిచి, డిస్కు తెచ్చి బల్ల మీద పడేసింది.

ఇంట్లోని కంప్యూటర్‌కు తగిలించారు. పంతొమ్మిది రోజుల డ్రాయింగులూ తేదీల వారీగా ఉన్నాయి. బావగారు చెయ్యి కడుక్కుని వచ్చి వెనక నిలబడి, ఒక్కో తేదీ చదువుతూ ఆశ్చర్యంగా చూశాడు. ఆయన నిజంగానే ఆమె చెరిపేసిందనుకున్నాడని అప్పుడు తెలిసింది. తర్వాత, ఆరేళ్లలో మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు.

"చూడు. డిస్కు పాడైంది, కష్టపడి డ్రాయింగులు నేనే వెనక్కి రాబట్టానని చెప్పు. సారు నిన్ను నెత్తిన పెట్టుకుంటాడు. ఇంటి డిస్కు మాట ఎత్తకు. నీకూ మంచిది, నాకూ మంచిది."

"బావగారూ, మీకోసం అబద్ధం ఆడేంత చుట్టరికం మనకి మిగల్లేదు."

"అయితే నన్ను రోడ్డు మీద నిలబెడతావన్నమాట."

ఆమె డిస్కు తీసుకుని బయటికొచ్చింది.

మూడున్నరకు డ్రాయింగులు యజమాని బల్ల మీదున్నాయి. పక్కన ఒక కాగితం. ఏం జరిగిందో అందులో రాసింది. మొదట ఇంటి డిస్కు సంగతి. దాంతో ఆపేసి ఉంటే ఆమె ఉద్యోగం భద్రం, ఆయనది గోవిందా. పెన్ను కాగితం మీంచి ఎత్తింది కూడానట. కానీ కింద ఇంకో నాలుగు లైన్లు రాసింది. అక్షరం ఇవ్వనిది తనేనని, ఎందుకివ్వలేదో కూడా.

యజమాని ఇద్దర్నీ పిలిచి నిలబెట్టి చదివాడు. "ఈ రెండోది రాయకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు సార్."

"మరి?"

"మొదటిదొక్కటే జరిగితే డ్రాయింగులు అక్కడికి పోవు సార్. రెండూ కలిస్తేనే పోతాయి. సగం కారణం రాస్తే అది కారణం కాదు."

బావగారి గొంతు వెంటనే లేచింది. "విన్నారుగా సార్! తన నోటితోనే ఒప్పుకుంది. అసలు తప్పు ఆవిడదే!"

ఆమె చూసిన చూపుకు ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వు ఊరుకోవయ్యా" అన్నాడు యజమాని. "తన తప్పు తను రాసింది. నీ తప్పు కూడా తనే రాయాల్సొచ్చింది. నీ ఇంటి డిస్కు ఇంకోసారి ఈ గుమ్మం దాటితే దాంతోపాటు నువ్వూ బయటికే." ఆమె వైపు తిరిగి, "నీకు ఇది మొదటి హెచ్చరిక. కాగితం మీద ఇస్తాను. తాళంచెవులు నీ దగ్గరే ఉంచు" అన్నాడు.

ఆ హెచ్చరిక కాగితం ఆమె నాకు చూపించింది. మడత పెట్టలేదు, దాచలేదు. ఆఫీసు బీరువా తలుపు లోపలివైపు అంటించింది.

మర్నాడు పొద్దున్నే బావగారి మెషిన్ ముందు కూర్చుంది. ఆయన కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడి, "మాస్టారూ, త్వరగా లేవమని చెప్పండి ఆవిడని. నాకు పనుంది" అన్నాడు.

"మాస్టారూ, ఇది ఎప్పుడో చేయాల్సిన పని, ఇంకో రెండు నిమిషాలు ఆగమని ఆయనకి చెప్పండి" అని ఆమె ఆఫీసు డిస్కుకున్న ఎఫ్ తీసేసి ఎమ్ పెట్టింది.