తాజ్‌బీ మడమలు

గద్వాల కోట వెనక వీధిలో ఉండే తాజ్‌బీకి ఒకచోట కూర్చోవడం చేతకాదు. తెల్లవారగానే గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ల మీద పడేది. ఒకనాడు గట్టు, ఒకనాడు మల్దకల్, ఒకనాడు ధరూరు. ఆడవాళ్లు నమ్మి చెయ్యి అందించాలంటే గాజులు తొడిగే చెయ్యి మెత్తగా ఉండాలని ఆమె పట్టుదల. అందుకే చేతులకు పాలమీగడ రాసుకునేది, పండుగ వస్తే గోరింటాకు పెట్టుకునేది. మొహానికి శనగపిండి, కళ్లకు సుర్మా సరేసరి. పాదాలను మాత్రం ఎన్నడూ తిరిగి చూడలేదు. అవి నడవడానికి ఉన్నాయి, నడుస్తున్నాయి, అంతే.

జర్మనీ యుద్ధం నడుస్తున్న ఏడు, గట్టి చలికాలంలో, గట్టులో జంగమ్మ ఇంటికి వెళ్లింది. జంగమ్మ కాపుల ఇంటి కోడలు. అప్పుడే వాకిలి అలికింది. తాజ్‌బీ మలారం దించి కూర్చోబోతుంటే ఆపింది.

"అక్కా, నీ కాలికి నెత్తురొస్తున్నది. సూసుకోలేదా?"

తాజ్‌బీ వెనక్కి తిరిగింది. పచ్చి అలుకు మీద ఎర్రటి మరకలున్నాయి. జంగమ్మ ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని మడమ పగులులోంచి తుమ్మముల్లు లాగింది. వేలి కణుపంత పొడుగున్న ముల్లు అది.

"నొస్తలేదా?"

"లేదు" అంది తాజ్‌బీ. ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకు అర్థమైంది తానేం చెప్పిందో.

ముల్లు దిగినా తెలియని కాలు కుష్టురోగానికి గుర్తని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. దాని పేరు పైకి అనరు. జంగమ్మ లేచి వెళ్లి బూడిదతో చేతులు తోముకుంది, మళ్లీ తోముకుంది. తిరిగొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇయ్యాల గాజులు వద్దులే అక్కా. మల్ల తొడిగించుకుంట."

తాజ్‌బీ దారిలో ఇంకే ఇంటికీ పోలేదు. ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, భర్త ఖాజా మియా కుట్టుపెట్టెలోంచి సూది తీసి మడమలో గుచ్చుకుంది. ఏమీ తెలియలేదు. పాదం మధ్యలో గుచ్చితే చురుక్కుమంది. అది నిజంగా చురుక్కుమందా, తానే అనుకుందా? మళ్లీ గుచ్చింది. గుచ్చిన కొద్దీ ఏది నొప్పో ఏది కాదో తేలకుండా పోయింది. పొయ్యి దగ్గరికి పోయి, అక్కడి నుంచి పెరట్లోకి పోయి, మళ్లీ సూది దగ్గరికే వచ్చింది. ఈ మాట బయటికి పొక్కితే తనకు చెయ్యి ఎవరిస్తారు? ఖాజా మియా పక్కన కూర్చుని అన్నం తింటాడా?

"ఏందట్ల తిరుగుతున్నవ్?" అని అతను అడిగితే, "వనపర్తిలో కొత్త గాజులొచ్చినయంట, పోయొస్త" అని అబద్ధం చెప్పింది. గద్వాల దవాఖానలో ఎటు చూసినా తెలిసిన మొహాలే.

రైల్లో చోటున్నా కూర్చోలేదు. తలుపు పక్కన నిలబడి, కృష్ణ వంతెన దాటేదాకా కాలి బొటనవేలితో నేలను నొక్కుతూనే ఉంది. వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి బండెక్కింది.

దవాఖానలో డాక్టరు ముసలాయన. ఆమె చెప్పిందంతా విని, "కళ్లు మూసుకో. ఎక్కడ ముట్టుకున్నానో వేలితో చూపించు" అన్నాడు. దూది కొసతో కాలి పైభాగం, వేళ్లు, చీలమండ తాకాడు. తాజ్‌బీ ఒక్కటీ తప్పకుండా చూపించింది. మడమ దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది.

డాక్టరు వేడినీళ్లలో ఉప్పు కలిపించి, కాళ్లు అందులో పెట్టి కూర్చోమన్నాడు. నీళ్లు చల్లారేలోపే ఆమె లేచి నిలబడింది. ఆయన మళ్లీ కూర్చోబెట్టాడు. నానిన తోలును కత్తితో పొరపొరగా తీశాడు, ఆ పైన సూది కొస ఆనించాడు. తాజ్‌బీ కాలు విదిలించేసరికి నీళ్ల బేసిను బోర్లాపడింది.

"నీకు ఏ రోగమూ లేదు. ఏళ్లతరబడి పేరుకున్న చచ్చిన తోలు ఇది, అంతే" అన్నాడు డాక్టరు.

"జర మల్లొక్కసారి గుచ్చి సూడు సాబ్" అంది తాజ్‌బీ, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే.

కాళ్లు నానబెట్టి గరుకురాయితో రుద్దుకోమని, తేనెమైనం నువ్వుల నూనెలో కరిగించి పట్టించమని, రోజూ ఒకసారి అరికాళ్లు చూసుకోమని చెప్పి పంపాడు. ఇంటికొచ్చి ఖాజా మియాకు అంతా చెప్పింది. "నాకు ముందే చెప్పాలె గద" అన్నాడతను.

పుండు మానగానే గట్టు పోయింది. జంగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"నువ్వు అనుకున్నదే నేను గూడ అనుకున్న. గది గాదని డాక్టరు చెప్పిండు" అంది తాజ్‌బీ నిలబడే.

"నేనేమన్లే గదక్కా."

"అన్లే. బూడిదతోని చేతులు కడుక్కున్నవ్."

జంగమ్మ తల వంచుకుంది. "ఒక్క మా అత్తకు చెప్పిన. గామె ఎందరికి చెప్పిందో తెల్వదు." కాసేపటికి తలెత్తింది. "లోపలికెందుకు, ఈడ్నే తొడుగు. అందరు సూడనీ" అని వీధి వైపు తిరిగి చెయ్యి చాపింది.

అయినా గట్టులో కొన్ని తలుపులు ఆ ఎండాకాలం దాకా తెరుచుకోలేదు. కొన్ని అసలే తెరుచుకోలేదు. తాజ్‌బీ ఆ ఇళ్ల ముందు నుంచే గాజులని కేకేసుకుంటూ పోయేది.

డాక్టరు చెప్పిన పని మాత్రం బతికినన్నాళ్లూ మానలేదు. సాయంత్రం పెరటి గడపలో కాళ్లు నానేసుకుని కూర్చుంటే ఎవరు పిలిచినా లేచేది కాదు. మైనం పట్టించే ముందు వేపపుల్లతో మడమను గీరి చూసుకునేది. గీరిన చోటు తెలిసినా ఇంకోసారి గీరేది.

"తాజ్, అన్నం మాడుతున్నది" అని లోపల్నుంచి ఖాజా మియా అరిచేవాడు.

"మాడనీ" అనేది ఆమె, రెండో కాలు ఒళ్లోకి తీసుకుంటూ.