ఎదురింటి అత్త చూసినవీ, పెద్దమ్మ చెప్పిన పేర్లూ

మొన్న వాన వెలిసిన సాయంత్రం, ఆత్మకూరులోని మా కాలనీలో ఎవరింటి మోటారు షెడ్డులోనో చారల పాము కనబడిందని కుర్రవాళ్ళు ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టారు. కాసేపటికే ఒకరు కట్లపామన్నారు, ఇంకొకరు కాదు, దానికి విషం ఉండదన్నారు, మరెవరో భయపడాల్సిన పనిలేదని రాసి కింద దండం పెట్టిన బొమ్మ పెట్టారు. ఆ చివరి మాట చదివాక ఫోను పక్కన పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా అలాగే కూర్చున్నాను. తొంభైల్లో మా మెట్ట ఊళ్ళలో బతికినవాళ్ళకు చెబితే అర్థమవుతుందనే నమ్మకంతోనే ఇదంతా రాస్తున్నాను.

నాకు ఉదయగిరి దగ్గరి పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో తిరగడం కుదరదని, మా అమ్మ నన్ను ఉదయగిరిలో ఉన్న వాళ్ళ అక్క దగ్గర ఉంచింది. ఆ పెద్దమ్మ కూడా టీచరుగా పనిచేసి అప్పటికే రిటైరైంది. పెదనాన్న చనిపోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. దుర్గం కొండ కనబడే వీధిలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు, ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడికలు, ఇదీ ఆవిడ లోకమని నేననుకుని వెళ్ళాను గానీ, వెళ్ళిన మొదటి సాయంత్రమే ఆ అరుగు మీద వేరే లోకం ఒకటి ఉందని తెలిసింది.

పొద్దు వాలేసరికి ఒక్కొక్కరే వచ్చి, ఆ రోజు తాము చూసిన జీవం గురించి పెద్దమ్మకు చెప్పేవాళ్ళు. సీతారామపురం బస్సు కండక్టరు, ఘాటులో రోడ్డుకు అడ్డంగా పోయింది దుప్పా కణితా అని అడగడానికే మా వీధి చుట్టి ఇంటికి పోయేవాడు. కట్టెలకు పోయిన ఆడవాళ్ళు ఎలుగుబంటి పేడ చూశామని, అందులో సీతాఫలం గింజలున్నాయని చెప్పేవాళ్ళు. పిల్లలు అగ్గిపెట్టెల్లో తుమ్మాకు వేసి జీరంగులను తెచ్చేవాళ్ళు. ఆ పచ్చటి మెరుపు పురుగులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తొలకరి పడ్డాక ఎర్రటి ఆరుద్ర పురుగులను అరచేతుల్లో మోసుకొచ్చి, ఇవి ఎక్కడికి పోతాయి, ఏం తింటాయి అని అడిగేవాళ్ళు. పెద్దమ్మ వెంటనే పేరు చెప్పేది కాదు. తోక ఎట్లా ఉంది, నడిచిందా గెంతిందా, నిన్ను చూసి ఆగిందా పరుగెత్తిందా అని ఒక్కొక్కటే అడిగి, చెప్పేవాళ్ళ కళ్ళ ముందు ఆ జంతువు మళ్ళీ కదిలేలా చేసి, అప్పుడు పేరు చెప్పేది. పేరు తెలియకపోతే తెలియదనే అనేది.

ఒకసారి చింతచెట్టు మీద పసిబిడ్డ చేతులు, గుండ్రటి పెద్ద కళ్ళు ఉన్నదేదో కనబడిందని పక్క వీధిలో గోల లేచి, ఆ చెట్టు కింది ఇంటివాళ్ళు సామాను సర్దుకుంటుంటే, పెద్దమ్మ పోయి చూసి, అది దేవాంగపిల్లి, దాని మానాన దాన్ని వదిలేయమని చెప్పి వచ్చింది. వాళ్ళు ఇల్లు ఖాళీ చేయలేదు, దాన్నీ కొట్టలేదు. ఆవిడ మాటకు ఉన్న విలువ అది.

సీతారామపురం వైపు పల్లెల్లో పనిచేసినన్నాళ్ళూ బస్సు దిగిన చోటి నుంచి బడి దాకా గొర్రెల కాపర్లతో కలిసి నడిచి, వాళ్ళను అడిగి అడిగి ఆవిడ ఇదంతా నేర్చుకుంది. నేను వెళ్ళేనాటికి మోకాళ్ళు పట్టేసి కొండ వైపు పోవడం మానేసింది. అప్పుడు ఆవిడ కళ్ళు మా ఎదురింటి అత్త.

నిజానికి అత్త మాకు చుట్టం కాదు. వాళ్ళు గొర్రెలున్న కుటుంబం. ఆ ఇంటాయన పెద్దమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ, ఆయన భార్య అత్త. ఉన్న ఒక్క కూతుర్ని కలువాయి వైపు ఇచ్చారు. గొర్రెల వెంట ఎక్కువగా పోయేది అత్తే. పొద్దున పోయి సాయంత్రం దొడ్డికి తోలుకొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే మా అరుగు మెట్టు మీద కూర్చుని, ఆ రోజు చూసినవన్నీ చెప్పేది. చదువు లేదు గానీ ఆవిడ చెబితే బొమ్మ గీసినట్టుండేది. కొండగొర్రె నీళ్ళ దగ్గర ముందు కాలు ఎట్లా పెట్టింది, ఒళ్ళంతా పొలుసులుండే అలుగు చుట్టుకుపోతే దాని పొట్ట కింద పిల్ల ఎట్లా దాక్కుంది, తోడేలు గొర్రెల్ని ఎంతసేపు చూసి వెళ్ళిపోయింది అని చెబుతుంటే, గింజ తీస్తున్న పెద్దమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయేది. ఒకరు యేసు ప్రభువుకూ ఇంకొకరు పోలేరమ్మకూ మొక్కుకునే ఆ ఇద్దరూ అంత దగ్గరగా బతకడం నేను అంతకుముందు చూడలేదు. పండక్కి అత్త ఇంటి నుంచి మాకు వచ్చే అరిసెల కంటే, ఈ సాయంత్రపు కబుర్ల కోసమే పెద్దమ్మ ఎక్కువగా ఎదురు చూసేది.

పాముల విషయంలో మాత్రం పెద్దమ్మకు ఒక కట్టుబాటు ఉండేది. కళ్ళతో చూస్తేగానీ పేరు చెప్పేది కాదు. కట్లపాములాగే చారలుండి విషం లేని పాము ఒకటుందని, దాన్ని తాను దొంగ కట్లపాము అంటానని, దానికి చారలు మెడ దగ్గర బాగా ఉండి తోకవైపు పోను పోను మాసిపోతాయని, అసలు కట్లపాముకు తోకవైపే చారలు తెల్లగా కనబడతాయని నాకు చెప్పింది. అందుకే సగం చూసినవాళ్ళ మాట నమ్మకూడదనేది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. అత్త కూతురి కాన్పుకని కలువాయి పోయింది. ఒక సాయంత్రం మామ వచ్చి, తమ బోదగడ్డి కప్పు ఇంట్లో గింజల మూటల వెనక చారల పాము దూరిందని చెప్పాడు. ఆ రోజు మా ఇంట్లో ప్రార్థన కూడిక. లోపల ఆడవాళ్ళు పాట అందుకున్నారు, పెద్దమ్మ బైబిలు చేతిలో పట్టుకుని గడపలో నిలబడి ఉంది. చారలు మెడ కాడ్నుంచే ఉండాయా అని అడిగింది. మామ ఊఁ అన్నాడు. అయితే భయం లేదులే, దానికి విషం ఉండదు, అదే పోతుంది అని చెప్పి లోపలికి వచ్చేసింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను. ఆ మాటలో నాకూ తేడా ఏమీ కనబడలేదు.

మర్నాడు అత్త ఊరి నుంచి వచ్చింది. మూటలు జరిపి చూద్దామని మామ అంటుంటే, వీధికి ఇవతల ఉన్న నాకు ఆవిడ జవాబు వినబడింది.

"మీ అక్క చెప్పినాక ఇంకేంది? పోతే పోతాది, ఉంటే ఉంటాది. ప్రయాణం చేసొచ్చి నడుములు పీకతా ఉండాయి, నన్ను పడుకోనీ."

ఆ మూటల పక్కనే చాప పరుచుకుని పడుకుంది.

తెల్లవారుతుండగా మామ మా తలుపు కొట్టాడు. అత్త గడప మీద కూర్చుని ఉంది. కడుపులో మెలిపెడుతోందని, ఊరి నుంచి వస్తూ బస్టాండులో తిన్నది పడలేదేమోనని ముద్దముద్దగా చెప్పింది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. కానీ రెప్పలు వాలిపోతున్నాయి. పెద్దమ్మ వంగి ఆవిడ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. అప్పుడు అత్త తన వేలితో తన రెప్పనే పైకి లేపి పట్టుకుని పెద్దమ్మను చూసింది. గాటు కనబడకుండానే రెప్పలు వాలితే అది కట్లపాము కాటేనని ఆవిడకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. జీపు తెమ్మని మామను తరిమింది.

ఊళ్ళో డాక్టరు చూసి, ఇక్కడ చేయగలిగింది చేసి, ఊపిరికి మిషను కావాలని వెంటనే నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. జీపు వెనక సీటులో అత్త తల పెద్దమ్మ ఒళ్ళో ఉంది, కాళ్ళు నా ఒళ్ళో. పెద్దమ్మ ప్రార్థన చేస్తుందనుకున్నాను, చేయలేదు. ఒసే చూడే, చూడవే అని మాత్రం దారి పొడుగునా అంటూనే ఉంది. అత్త చూడలేకపోయింది. మాట ముందే పోయింది, తర్వాత ఛాతీ కదలడం తగ్గింది. నేను పుట్టి పెరిగిన ఆత్మకూరు ఇంకా రాకముందే, రోడ్డు పక్కన వేపచెట్టు కింద డ్రైవరు జీపు ఆపేశాడు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బస్సు వేగం తగ్గిస్తే నేను కళ్ళు మూసుకుంటాను.

మేము తిరిగి వచ్చేసరికి వీధిలోవాళ్ళు ఆ ఇంట్లో మూటలన్నీ బయటపడేసి, పామును కొట్టి వీధి మధ్యలో వేసి ఉంచారు. శవాన్ని దించుతుంటే పెద్దమ్మ జీపు దిగి, ఎవరు ఆపుతున్నా వినకుండా నేరుగా అక్కడికి పోయి, కర్రతో దాన్ని తిరగేసి, మెడ నుంచి తోక దాకా చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు అలవాటుగా ఆవిడ నోటి వైపే చూస్తున్నారు.

"ఇది కట్లపాము," అంది. "నేను తప్పు చెప్పినాను. చూడకుండా చెప్పినాను."

మామ జీపు పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

ఎవరైనా ఒక మాట అని ఉంటే ఆవిడకు కొంత తేలికయ్యేదేమో. ఎవరూ ఏమీ అనలేదు, అరుగు దగ్గరికి రావడం మాత్రం తగ్గించారు. వచ్చినవాళ్ళనూ ఆవిడే పంపించేసేది. జీరంగులు తెచ్చిన పిల్లలను నాకు తెలవదు నాయనా, మీ టీచరునడగండి అనేది. కండక్టరు కొన్నాళ్ళు వచ్చి, ఏదో చూశానని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి మధ్యలోనే ఆపేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. తర్వాత అతనూ రాలేదు. సాయంత్రం గొర్రెలు వచ్చే వేళకు పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసుకునేది. గొర్రెల వెంట ఇప్పుడు మామ ఒక్కడే వచ్చేవాడు.

అత్త దినాలన్నీ అయ్యాక, ఒకరోజు ఆయన మా మెట్టు మీదకు వచ్చి కూర్చున్నాడు. అత్త కూర్చునే చోట కాదు, కొంచెం ఎడంగా. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేను వంటగదిలో ఉన్నాను, వాళ్ళ మాటలు వినకూడదనుకున్నా వినబడ్డాయి.

"నువ్వు మెడ కాడ్నుంచే ఉండాయా అని అడిగినావు, నేను ఊఁ అన్నాను. నేను మెడ చూళ్ళేదక్కా. తోకే చూసినాను. నువ్వడిగితే అట్టానే ఉండాదేమో అనుకున్నాను."

పెద్దమ్మ గొంతు వినబడింది.

"అట్ట అడగకుండా ఉండాల్సింది. నువ్వేం చూసినావురా అని అడగాల్సింది. ఎప్పుడూ అట్నే అడిగేదాన్ని."

"నిన్నేం అనడానికి రాలేదు."

"తెలుసులే. అన్నం తిన్నావా?"

పెద్దమ్మ కంచంలో అన్నం పెట్టుకుని తెచ్చి మెట్టు మీద పెడితే, మామ చీకటి పడేదాకా అక్కడే కూర్చుని తిన్నాడు. ఆవిడ నిలబడే ఉంది. ఆ వేసవిలో గొర్రెలు అమ్మేసి, కూతురి దగ్గరికి కలువాయి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ ఇంటి బోదకప్పు తర్వాతి వానలకే కూలిపోయింది.

కొన్నేళ్ళకు నాకు ఆత్మకూరు బదిలీ అయినప్పుడు పెద్దమ్మను కూడా తెచ్చుకున్నాను. పెరట్లో కూర్చునేది. కాలవ గట్టు మీద ముంగిసను చూశాననో, మునగచెట్టు మీద ఏదో కొత్త పురుగు వాలిందనో నేను కావాలనే చెప్పేదాన్ని. అట్నా, అనేది, అంతే. ప్రశ్న వేసేది కాదు. కానీ నేను బడికి పోయాక ఆవిడ ఆ మునగచెట్టు దగ్గరికి కర్ర పట్టుకుని పోయి తల పైకెత్తి నిలబడుతుందని పక్కింటామె చెప్పింది. ఆ పురుగు పేరు ఆవిడకు తెలుసో లేదో నాకు ఎప్పటికీ తెలియలేదు. పోయేనాడు మంచం మీద తన చేయి నా చేతిలో పెట్టి, ఏమీ అడగకుండానే పోయింది.

ఇప్పుడు ఉదయగిరి వీధుల్లో బోదకప్పులు లేవు, అన్నీ స్లాబు ఇళ్ళు. పిలిస్తే అంబులెన్సు వస్తుంది, అందులోనే ఊపిరి అందించే ఏర్పాటు ఉంటుంది. ఇవన్నీ ఆనాడే ఉంటే అత్త బతికేది, అందుకే నేను పాతకాలమే మంచిదని అనలేను. అయితే కొండ మీద మనుషులు తగ్గారు, గొర్రెలు తగ్గాయి, పొద్దున పోయి సాయంత్రం దాకా ఒక జీవాన్ని ఓపిగ్గా చూసి వచ్చి ఎదుటి ఇంట్లో చెప్పేవాళ్ళు కనబడటం లేదు. చెబితే చింతపండు చేతిలోనే పట్టుకుని వినేవాళ్ళూ లేరు.

పెద్దమ్మ దగ్గర విని విని నాకూ కొన్ని పేర్లు వచ్చాయి. ఒక్కోసారి సాయంత్రం మా ప్రహరీ మీద ఏదైనా కదిలితే, పేరు నోటి దాకా వచ్చినా పైకి అనను. దగ్గరికి పోతాను, తల నుంచి తోక దాకా చూస్తాను. ఇదీ అని నాకు నేను ఖాయం చేసుకున్నాక చెప్పడానికి వెనక్కి తిరుగుతాను. అక్కడ ఎవరూ ఉండరు.