ముందు పూసిన తోటకూర

మా అత్తకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చూపు వచ్చింది అని తెలిసిన రోజు మా ఇంట్లో గుండె దడదడలాడింది నాకొక్కదానికే. మా ఆయన కదిరి నుంచి ఫోన్ చేసి, "అమ్మ గోడ గడియారం చూసి టైము చెప్పిందే!" అని సంబరపడుతున్నాడు. నేను "అవునా, మంచిదే" అంటూ కిటికీలోంచి పెరట్లోకి చూస్తున్నాను. అక్కడ తోటకూర మడి ఉంది. నాలుగేళ్లుగా ఆ మడిని నేనేం చేశానో అత్త ఇక కళ్లారా చూస్తుంది.

ఆ తోటకూర విత్తనం అత్త పుట్టింటిది. పెళ్లై వచ్చేటప్పుడు మడకశిర వైపు నుంచి కొంగున కట్టుకుని తెచ్చుకుంది. గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు, నల్లగా మెరుస్తుంది. మొలిచిన చెట్టుకు మాత్రం అరచేతంత ఆకు. కాడ గోటితో గిల్లితే పుటుక్కున విరిగేది. కోసిన కొద్దీ చిగురు వేసేది. ఏటా నాలుగు చెట్లు కోయకుండా వదిలి, పూతకు పోనిచ్చి, పూల వెన్నులు ఎండాక అరచేతుల్లో నలిపి, గింజల్లో కాస్త బూడిద కలిపి ఎండు సొరబుర్రలో పోసి వంటింటి దూలానికి వేలాడదీసేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కళ్లకు పొర కమ్మాక ఒకరోజు తడుముకుంటూ దించి నా చేతిలో పెట్టింది.

"ఇంగ నువ్వే చూసుకోమ్మే. మా అమ్మ చేతి విత్తనం ఇది. మా పుట్టింట్లో గూడా ఇప్పుడు లేదు. పోతే మల్లా యాడా దొరకదు."

ఎట్లా చేయాలో చెప్పత్తా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టి పన్నెండేళ్లు, తోటకూరకు గింజ పట్టడం కూడా ఒకరు నేర్పాలా అని నా పొగరు.

పొగరు ఉందని ధైర్యం ఉందనుకునేరు. నేను పుట్టు పిరికిదాన్ని. పాలు పొయ్యి మీద పెట్టి అవతలికి వెళ్లలేను. అలాంటిదాని చేతికి ఆ బుర్ర వచ్చిన ఏడే మా బోరు ఎండిపోయింది. కొళాయి నాలుగు రోజులకొకసారి, అదీ మనసైతే. మడికి పోసేది బియ్యం కడిగిన నీళ్లు, కాళ్లు కడుక్కున్న నీళ్లు. చెట్టు పూతకు వచ్చేలోగా ఆ నీళ్లూ లేకపోతే? ఎదురింటి మేక దూరితే? పిచ్చుకలు వాలితే? అందుకని, మడిలో ఏ చెట్టు ముందుగా వెన్ను తీస్తే దానికి పరుగెత్తుకెళ్లి నా పాత ఎర్ర రవిక చింపి పేలిక కట్టేదాన్ని. అమ్మయ్య, ఇదొక్కటైనా గింజ పడుతుంది అనుకునేదాన్ని. ఆ గింజలు చేతికి రాగానే మిగతా చెట్లు పీకి వండేసేదాన్ని. ఎండిపోయే వాటికి నీళ్లెందుకు దండగ?

బుర్ర నిండినా నా భయం తీరలేదు. పురుగు పట్టిందేమో, ఎలుక కొరికిందేమో అని పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి దించి ఊపి చూసేదాన్ని. సరసరమని గింజల చప్పుడు వింటేగానీ ప్రాణం కుదుటపడేది కాదు. "అమ్మా, నీ కోడలు బుర్రతో ముచ్చట్లు పెట్టింది సూడు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మొదటి ఏడు చెట్టు నడుమెత్తు పెరిగి పూసింది. రెండో ఏడు మోకాలెత్తుకే పూసింది. ఎండలు ఎక్కువలే అనుకున్నాను. మూడో ఏడు జానెడు పెరిగాయో లేదో వెన్నులు బయటికొచ్చాయి. ఆకు నా బొటనవేలంత, కాడ నార. ఇంకేముంది, మట్టిని తిట్టాను, కొళాయి నీళ్లను తిట్టాను, మడిని చూసి "అబ్బ, ఎంత ఆకో!" అని ఎప్పుడో అన్న పాపానికి ఎదురింటామె కళ్లనూ తిట్టాను. నన్ను మాత్రం తిట్టుకోలేదు.

అత్తకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమెకు వారానికి రెండుసార్లు తోటకూర పప్పు ఉండాలి. సైకిల్ మీద ఆకుకూరలు తెచ్చే తాత మా వాకిట్లో కేక వేస్తే అత్త వింటుందని, వీధి మలుపు దాకా ఎదురెళ్లి కొని, కొంగు చాటున తెచ్చి వండేదాన్ని. "మన ఆకేనా?" అని అడుగుతుందేమోనని ముద్ద ముద్దకూ ఆమె మొహం చూసేదాన్ని. ఎన్నడూ అడగలేదు. "ఉప్పు తగ్గినట్లుండాది" అనేది, అంతే.

ఇప్పుడు ఆమె నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగింది. వంగొద్దు, దుమ్ములోకి పోవద్దు, పది రోజులు గదిలోనే ఉండాలి అన్నాడట డాక్టరు. ఆ డాక్టరుకు మనసులోనే దండం పెట్టాను. మడి మొత్తం పీకేసి, మేక తినేసిందని చెబుదామా అనుకున్నాను. నిజమే చెబుతున్నాను, అంత నీచమైన ఆలోచన వచ్చింది. కానీ ఈ ఏడు ఒక్కటైనా ఏపుగా వస్తుందేమోనని బుర్రలో ఉన్నవన్నీ ఆ మడిలోనే చల్లేశాను. పీకితే ఇక ఏమీ మిగలదు.

పదకొండో రోజు పొద్దున నేను గిన్నెలు తోముతుంటే అత్త తనే పెరట్లోకి వచ్చింది. మడి ముందు నిలబడింది.

"ఈ గుడ్డలేందే?"

"విత్తనానికి గుర్తత్తా."

"అన్నీ ముందు పూసినవేనా?"

"అవును. నీళ్లు అయిపోతాయని భయం. ముందు పూస్తే గింజ ముందే చేతికొస్తుందని."

"అయ్యో నీ బయం పాడుగాను! ఆకు తినేదానికి కదమ్మే మనం పెంచేది? ఆకు ఇయ్యకుండానే పూతకు పోయేదాని గింజ ఏస్తే, దాని పిల్లలూ అట్లనే పోతాయి. ఆకరికి పూసేదాన్ని కదా ఇడిసిపెట్టాల్సింది!"

నాలుగేళ్లు ప్రాణం పెట్టి కాపాడానే! ఏరి ఏరి పనికిరానిదాన్ని దాచాను. ఏడుపు ఆగలేదు. అత్త ఓదార్చలేదు. "ఏడ్సింది సాలు, పూసినవి పీకు" అంది.

నీళ్లు చాలక నిలిచినవే పదిహేడు చెట్లు; వాటిలో పద్నాలుగు పీకించింది. పేలికలు కట్టినవాటిని చివరిదాకా అట్టేపెట్టి, అవీ పీకాను. మిగిలిన మూడింటిలో ఒకటి వారానికి వెన్ను తీసింది. "పీకు." ఇంకో నాలుగు రోజులకు రెండోది. "అత్తా, ఇదొకటి ఉండనీ, మిగిలినదానికి ఏమన్నా అయితే?" అని బతిమాలాను. "పీకమంటాంటే!" అంది. పీకాను. ఒక్కటే మిగిలింది.

ఆ వారం కొళాయి రాలేదు. తాగేనీళ్ల బిందె అడుగంటింది. "నా మొగం కడిగే నీళ్లు దానికి పొయ్. కండ్లు తడపొద్దని డాక్టరు చెప్పినాడు కదా" అంది అత్త. చెట్టు పక్కన ముళ్లకంప నాటి, రోజుకు ఇరవైసార్లు వెళ్లి చూసేదాన్ని. నా వెనకే అత్త. అది మోకాలు దాటింది, నడుము దాకా వచ్చింది, అప్పుడు పూసింది. అత్త తన చేత్తోనే పేలిక కట్టింది.

వెన్నులు ఎండాక పెరట్లో చాట ముందు కూర్చుని ఇద్దరం నలిపాం. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అత్తా, ఇన్నాళ్లూ నీకు బజారాకు వండి పెట్టాను."

"తెలుసులేమ్మే. మొదటి ముద్దకే తెలిసిపాయ."

"మరి ఒక్కమాటైనా అడగలేదే?"

"అడిగితే విత్తనం పోయిందంటావేమోనని బయం. కండ్లు కనపడవు, యాడికని పొయ్యి చూసేది? పొద్దున ఒకతూరి, రాత్రి ఒకతూరి నువ్వు బుర్ర ఊపుతాంటివి కదా. ఆ సప్పుడు ఇని, ఉండాదిలే అనుకుని పండుకుంటాంటి."

గింజలు గుప్పెడు కూడా కాలేదు. అత్త బూడిద కలిపి బుర్రలో పోసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత నా చెవి దగ్గర పెట్టి ఊపింది.