వేదిక మీద పదకొండు మంది

మా నేతపేట మలుపులో బస్సు ఆగే రోజుల్లో, బస్సు మన కోసం ఆగడం కూడా ఒక వైభోగమేనని మాకు తెలియదు. మంగళగిరి నుంచి బెజవాడ వెళ్ళే పొద్దుటి బస్సు, సందు చివర మా నాన్న చీరల మూటతో కనబడితే చాలు, గుర్రుగుర్రుమంటూ ఆగి ఉండేది. మూట టాపు మీదికి చేరాక కండక్టరు, “మూటగారు ఎక్కారండీ, ఇక తమరు ఎక్కండి” అనేవాడు. వారం వారం అదే మాట. మా నాన్న వారం వారం కొత్తగా నవ్వేవాడు.

అంతలో మనలాంటి దేశాల్లో రవాణా బాగుచేస్తామంటూ ఒక విదేశీ సంస్థ వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, మా మలుపులో స్టాపు ఎత్తేస్తారట. అదే జరిగితే మా నాన్న ఆ మూటతో మైలున్నర నడవాలి. బెంజ్ సర్కిల్ దగ్గర కల్యాణ మండపంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. (మమ్మల్ని అడిగేసరికే రోడ్డు పటానికి చట్రం కట్టి గోడకు తగిలించేశారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.) పేట తరఫున మాట్లాడటానికి నన్ను పంపారు. ఐదో తరగతితో బడి మానేసినా లైబ్రరీలో కనబడ్డ కాగితమల్లా చదివి, ఇరవై రెండేళ్ళకే నన్ను నేను మహావక్తననుకున్నాను మరి.

మనిషికి మూడు నిమిషాలన్నారు. వేదిక మీద పదకొండు మంది. పెద్దలను పేరుపేరునా సంబోధించకుండా మాట్లాడటం నా దృష్టిలో అనాగరికం. “వేదికను అలంకరించిన” అని మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ ఒక విశేషణం తొడిగి, విదేశీ దొరగారికి రెండు తొడిగి, చివరికి చేరేసరికి కింద నుంచి ఎవరో “మా ప్రెసిడెంటుగారిని వదిలేశావేందయ్యా” అన్నారు. ఆయన్ని చివర కలిపితే చివర కలిపానని అలుగుతాడు. అందుకని మొదటినుంచీ మళ్ళీ ఎత్తుకున్నాను. తొమ్మిదో పెద్దమనిషి దగ్గర గంట కొట్టి, మైకు లాక్కున్నారు. దొరగారు మాత్రం చప్పట్లు కొట్టారు, నేను రోడ్డుని పొగిడాననుకున్నారు కాబోలు.

వెనక వరసలో, స్తంభం పక్క కుర్చీలో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా నాన్న బయటికొచ్చాక ఒకటే అన్నాడు. “అందరి పేర్లూ బాగా చెప్పావురా. మన స్టాపు పేరే రాలేదు.”

స్టాపు పోయింది. ఓపికున్నన్నాళ్ళూ ఆయన ఆ మైలున్నర నడిచాడు. నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొన్న మళ్ళీ అదే మండపంలో అలాంటి సభే. ఈసారి రెండు నిమిషాలే. నేను లేచి, “నేతపేట మలుపులో బస్సు ఆగాలండీ. మూటలతో మనుషులు నడవలేరు” అన్నాను. అంతే. పది సెకన్లు కూడా పట్టలేదు. రాసుకుంటున్న ఆఫీసరమ్మాయి తలెత్తి, “ఇంకా టైముందండీ తాతగారూ, చెప్పండి” అంది.

ఇంకేం చెప్పను? గొంతు సవరించుకుని, “వేదికను అలంకరించిన” అని అందుకున్నాను. ఎవరినీ వదలకుండా, విశేషణాలతో సహా పూర్తిచేశాను. ఆఖరి నమస్కారం వెనక్కి తిరిగి, స్తంభం పక్క కుర్చీకి పెట్టాను. ఎవరా అని ఆ అమ్మాయి కూడా అటు చూసింది. కుర్చీలో నా చేతిసంచీ ఉంది.

గంట ఇంకా కొట్టలేదు.