పంతులమ్మ కారుకు అట్ట ఇంజన్

అట్టల మేస్త్రి అనే పేరు అతనికి ఊరికే రాలేదు. పాత కారుకు వేరే ఇంజన్ వెయ్యాలంటే, ముందు ఆ ఇంజన్ని అట్టపెట్టెలు కోసి, టేపు చుట్టి, కొలతకు కొలత తయారుచేసి బానెట్ కింద దింపి చూడాల్సిందే. ఆ తర్వాతే అసలుది కొనడం. "ఇనుము ఒకసారి కొన్నామా, వెనక్కి తీసుకునేవాడు ఉండడు. అట్టదేముంది, చించి పారేస్తాం" అంటాడు. ముప్పై ఏళ్లలో ఒక్క ఇంజనూ తిప్పి పంపలేదని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుంటాడు.

ఈసారి వచ్చింది రిటైరైన పంతులమ్మ కారు. గుండ్రటి ముక్కున్న పాతకాలం బండి. ఇంజన్ పగిలిపోయింది, దాని విడిభాగాలు ఇప్పుడెక్కడా దొరకవు. మేస్త్రి స్పానరు పట్టడం నేర్చుకున్నదే ఆ కారు మీద.

"ఏ ఇంజన్ వేస్తావో నీ ఇష్టం. దాని ముక్కు మాత్రం కొయ్యకు. కోశావా, నేరుగా తుక్కు కొట్టుకే" అని ఆవిడ తెగేసి చెప్పింది.

ఆ కారు తుక్కులో నలగడం ఊహించుకుంటే మేస్త్రికి ముద్ద దిగలేదు.

వెతగ్గా వెతగ్గా రెండు ఇంజన్లు తేలాయి. ఒకటి వ్యానుది, మంచి దమ్మున్నది. రెండోది చిన్న కారుది. బరువు పాతదానంతే, పాత గేరుబాక్సుకు కూడా తేలిగ్గా అతుక్కుంటుంది. అయినా మేస్త్రి మనసంతా పెద్దదాని మీదే. చిన్నదాన్ని పూచికపుల్లలా తీసిపారేసి, పెద్దదాన్ని అట్టతో చేసి దింపాడు. బానెట్ కూడా మూసుకుంది. ఇంకేముంది, మీసం మెలేశాడు!

పక్క గదిలో బట్టలు కుట్టే భార్య, మెడలో టేపుతోనే వచ్చి వంగి చూసింది.

"ఏమండీ, ఊపిరాడేంత లూజు పెట్టారా?"

"ఇది చొక్కా కాదే!"

"కాకపోతే మాత్రం? కదలని మనిషికి కొలిచినట్టు కొలిచారు. స్టార్ట్ చేస్తే ఇంజన్ ఊగదూ?"

అంటూనే అట్ట ఇంజన్ని పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. దాని మూల స్టీరింగ్ రాడ్డుకు తగిలి సొట్టపోయింది. మళ్లీ ఊపింది. ఇంకో మూలా పోయింది.

మేస్త్రి ఆ సొట్టల్ని వేలితో సరిచెయ్యబోయాడు. ఇంజన్ ఊగుతుందని తెలియనివాడా? పెద్దదాని మీద మోజు కళ్లు కప్పేసింది, అంతే. రాడ్డుకు తగలకుండా ముందుకు జరపాలంటే కారు ముక్కు కొయ్యాల్సిందే.

"నాకు తెలుసులే. నువ్వు కనిపెడతావో లేదోనని చూశా" అన్నాడు.

"అబ్బో! కనిపెట్టాగా, ఇక వెళ్లి చిన్నది కొనండి."

మేస్త్రి వెళ్లి చిన్నదే కొని బిగించాడు. వారం తిరక్కుండా పంతులమ్మ వచ్చింది. కారు ముక్కంతా తడిమి చూసుకుంది. ఒక్క గీత లేదు. తాళం తిప్పింది. ఇంజన్ ఓసారి ఊగి, దేనికీ తగలకుండా కుదురుకుంది. ఆవిడ చెవి ఒగ్గి చాలాసేపు వింది.

"దీని గొంతు మారిందిరా."

మేస్త్రి మొహం పాలిపోయింది.

"ఈ వయసులో నాదీ మారింది, దాన్ననడమెందుకు! ఇంతకీ ఈ ఇంజన్ ఎంచిందెవరు?"

నేనే అనబోయాడు. గుమ్మంలో భార్య దారం కొరుకుతూ ఇటే చూస్తోంది.

"మా ఆవిడండీ" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"అయితే మొదటి రౌండుకు నా పక్కన ఆవిడే. ఎక్కమ్మా!"

"మరి నేనో, అమ్మగారూ?"

"నువ్వు గేటు తియ్యి."

తీశాడు. కారు సర్రున వీధిలోకి దూసుకుపోయింది. అట్టల మేస్త్రి కళ్లు తుడుచుకుని, చెప్పులు అక్కడే వదిలేసి దాని వెనకాలే పరుగెత్తాడు.